ఇండియా పేల్ ఏల్‌లో ఇండియా ఎక్కడుంది? లండన్ బీర్ గల్లీల్లో దొరికిన కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక సారీతో మొదలుపెట్టాలి.

కొన్ని నెలల క్రితం మన హైదరాబాద్ మైక్రోబ్రూవరీల మీద ఒక చిన్న వీడియో పెట్టాను, గుర్తుందా? గోడ మీద నల్లబోర్డు, దాని మీద చాక్‌పీస్‌తో రాసిన బీర్ల పేర్లు, అందులో మూడోది ఐపీఏ. నా ఫ్రెండ్ అడిగాడు, "మామా, ఇండియా పేల్ ఏల్ అంటున్నారు, మన ఇండియాకి దీంతో ఏం సంబంధం రా?" అని. నేను కెమెరా వైపు తిరిగి నలభై సెకన్లలో చెప్పేశాను. బ్రిటిష్ వాళ్లు ఇండియాకి పంపే బీర్ ఓడలో పాడైపోయేదని, హాడ్జ్‌సన్ అనే లండన్ వ్యాపారి హాప్స్ ఎక్కువేసి, ఆల్కహాల్ పెంచి, ప్రయాణం తట్టుకునే కొత్త బీర్ కనిపెట్టాడని, అదే ఐపీఏ అయిందని.

ఆ క్లిప్ బాగా తిరిగింది. ఎంత తిరిగిందంటే మా బాబాయి అది నాదని గమనించకుండా నాకే వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేశాడు. కింద ఒక సబ్‌స్క్రైబర్ ఒక్క లైన్ కామెంట్ పెట్టారు: "అన్నా, దీనికి ఆధారం ఏంటి?" రిప్లై ఇద్దామని కూర్చున్నా. ఆధారం లేదు. నేను ఎక్కడో చదివాను, ఆ రాసినవాడు ఇంకెక్కడో చదివాడు. వెతుక్కుంటూ పోతే మొత్తం కథే తేడాగా ఉంది. అసలు కథ నేను చెప్పిన దానికంటే చాలా బాగుంది కూడా. అందుకే ఇంత పెద్ద ఎపిసోడ్.

ఇంకో మాట. ఇది తాగమని చెప్పే వీడియో కాదు. మా అమ్మ కూడా ఈ ఛానల్ చూస్తుంది. ఇది చరిత్ర.

నేను జాబ్ మానేయకముందు, 2022లో, కొన్ని నెలలు లండన్‌లో ఆన్‌సైట్‌లో ఉన్నాను. రూమ్ ఈస్ట్ హామ్‌లో. అక్కడ మన తెలుగువాళ్లు, తమిళ్‌వాళ్లు చాలామంది ఉంటారు, రోడ్డు మీద దోసె దొరుకుతుంది, పచ్చిమిరపకాయలు దొరుకుతాయి, బెంగ తక్కువ. ఆఫీస్ కానరీ వార్ఫ్‌లో. ఆ అద్దాల బిల్డింగుల పక్కనుంచి డ్రైవర్ లేని ఒక చిన్న రైలు వెళ్తుంది, డీఎల్ఆర్ అంటారు. దాంట్లో కొంచెం ముందుకెళ్తే ఒక స్టేషన్ పేరు 'ఈస్ట్ ఇండియా'. ఫస్ట్ టైమ్ అనౌన్స్‌మెంట్ విని నవ్వుకున్నాను. ఎనిమిదో క్లాస్ సోషల్ బుక్ రైలెక్కినట్టు ఉంది. దాని ముందు స్టేషన్ బ్లాక్‌వాల్. ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడలు ఆగింది అక్కడే. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

శనివారం వస్తే రూమ్‌మేట్స్ అందరూ "బీర్ మైల్ పోదాం" అనేవాళ్లు. బెర్మండ్సీ అని, థేమ్స్‌కి దక్షిణాన. అక్కడ రైల్వే లైన్ నేల మీద ఉండదు, ఇటుక కమానుల మీద పోతుంది. మన దగ్గర ఫ్లైఓవర్ కింద టైర్ పంక్చర్ షాపులు, టీ బండ్లు ఉంటాయి చూడండి, అలా ఆ కమానుల కింద ఒక్కోదాంట్లో ఒక్కో చిన్న బ్రూవరీ. స్టీల్ ట్యాంకులు, తడి నేల, మధ్యలో నాలుగు చెక్క బల్లలు, గోడకి కుళాయిలు. తయారుచేసిన చోటే గ్లాసులో పోసి అమ్ముతారు కాబట్టి ట్యాప్‌రూమ్ అంటారు. పైన రైలు పోయినప్పుడల్లా గ్లాసులు సన్నగా వణుకుతాయి. ఆ కమానులు లండన్‌లో మొట్టమొదటి రైల్వే లైన్‌వి. లండన్ బ్రిడ్జ్ నుంచి గ్రీనిచ్ దాకా, 1836లో మొదలైంది, మొత్తం 878 కమానులు.

అక్కడ కెర్నల్ అనే బ్రూవరీ ఉంది. కెర్నల్ అనగానే మా బ్యాచ్ మొత్తం లైనక్స్ జోకులు వేసుకున్నాం, సారీ. వాళ్ల సీసా మీద బొమ్మలుండవు, కిరాణా పొట్లం కాగితం లాంటి గోధుమరంగు లేబుల్ మీద అచ్చు అక్షరాలే. నేను తీసుకున్న సీసా మీద 'ఎక్స్‌పోర్ట్ ఇండియా పోర్టర్' అని ఉంది. నల్లటి బీర్. ఇండియా అంటే పేల్, అంటే లేతరంగు బీర్ కదా, మరి ఈ నల్లది ఇండియాకి ఎందుకెళ్లింది? అప్పుడు ఆలోచించలేదు. శనివారం కదా, ఎవరు ఆలోచిస్తారు. ఆ ప్రశ్నకి జవాబు మొన్న వెతికితే దొరికింది.

ముందు పోర్టర్ అంటే ఏంటో చెప్తాను. పోర్టర్ అంటే హమాలీ. 18వ శతాబ్దం లండన్ ఊహించుకోండి. థేమ్స్‌లో వందల ఓడలు, బొగ్గు, ధాన్యం, చక్కెర, అన్నీ మనిషి వీపు మీదే దిగాలి. వాళ్లకి లైసెన్సులు, బిళ్లలు ఉండేవి. మన బేగంబజార్‌లో, మోండా మార్కెట్‌లో మూటలు మోసేవాళ్లు మధ్యాహ్నం ఒక చోట ఆగి ఏదో ఒకటి తాగుతారు కదా, అలా ఆ హమాలీలు తాగే ముదురు రంగు బీర్‌కి వాళ్ల పేరే పడిపోయింది. 1722లో షోర్‌డిచ్‌లో రాల్ఫ్ హార్వుడ్ అనే ఆయన ఒక్కరోజులో దాన్ని కనిపెట్టాడని ఇంకో కథ ఉంది. అది కూడా ఆ తర్వాత ఎప్పుడో అల్లిన కథేనట. ఈ బీర్ చరిత్రలో ఎక్కడ తవ్వినా ఇలాంటి 'ఒకే ఒక్కడు' కథ ఒకటి బయటపడుతుంది.

పోర్టర్ గొప్పతనం ఏంటంటే, దాన్ని ఎంత పెద్ద ఎత్తున చేస్తే అంత లాభం. పెద్ద పీపాల్లో నెలల తరబడి మాగబెట్టాలి. అంత పెట్టుబడి చిన్నోడి వల్ల కాదు. శామ్యూల్ విట్‌బ్రెడ్ 1750లో చిస్‌వెల్ స్ట్రీట్‌లో ఫ్యాక్టరీ సైజు బ్రూవరీ కట్టాడు. 1785లో బోల్టన్ అండ్ వాట్ కంపెనీ నుంచి స్టీమ్ ఇంజన్ తెచ్చి బిగించాడు. అంతకుముందు మాల్ట్ నలపడానికి గుర్రాలు గానుగ తిప్పినట్టు తిరిగేవి. 1787లో రాజు మూడో జార్జ్, రాణితో కలిసి ఆ ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చాడు. ఆ ఇంజన్ 1887 దాకా, అంటే నూట రెండేళ్లు పనిచేసింది. ఇప్పటికీ సిడ్నీలో పవర్‌హౌస్ మ్యూజియంలో ఉంది. నేను రాసిన కోడ్‌లో ఏదీ నూట రెండు వారాలు కూడా నడవలేదు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన ఒక టెక్నికల్ విషయం. మాల్ట్ అంటే తెలుసు కదా, మన ఇంట్లో రాగి మాల్ట్ ఎలా చేస్తారు? రాగులు నానబెట్టి, మొలక కట్టి, ఎండబెట్టి, వేయించి పొడి కొడతారు. బార్లీకి కూడా అదే పని. బాగా కాల్చితే ముదురు మాల్ట్, తక్కువ వేడితో ఆరబెడితే లేతరంగు మాల్ట్. పోర్టర్‌కి ముదురు మాల్ట్ వాడేవాళ్లు, అది చవక. 18వ శతాబ్దం చివర్లో బ్రూవర్ల చేతికి థర్మామీటర్, ఆ తర్వాత హైడ్రోమీటర్ వచ్చాయి. పాలల్లో నీళ్లు కలిపారో లేదో చూడ్డానికి పాలకేంద్రంలో ముంచుతారే లాక్టోమీటర్, దాని అన్న అనుకోండి. అది ముంచి చూస్తే తెలిసిందేంటంటే, చవక అనుకున్న ముదురు మాల్ట్ నుంచి దిగే చక్కెర చాలా తక్కువ. లేతరంగు మాల్ట్ ఖరీదెక్కువైనా చివరికి అదే గిట్టుబాటు. దానికి తోడు యుద్ధాల వల్ల మాల్ట్ మీద పన్ను పెరుగుతోంది. అందరూ లేతరంగు మాల్ట్‌కి మారారు. మరి పోర్టర్‌కి నలుపు ఎలా? కొంత గందరగోళం తర్వాత 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన కాఫీ గింజలు వేయించే డ్రమ్ములాంటి దాంట్లో మాల్ట్‌ని నల్లగా మాడ్చడానికి పేటెంట్ తీసుకున్నాడు. రవ్వంత వేస్తే చాలు, పీపా మొత్తం నల్లబడుతుంది. అంటే ఒక కొలిచే పరికరం వచ్చి, అంతకు ముందు వందేళ్లుగా చేస్తున్న వస్తువు లోపలంతా మార్చేసింది, పేరు మాత్రం అదే ఉంచింది.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం బరువైన విషయం. ఇంటర్నెట్‌లో దీన్ని జోకులా చెప్తారు. 'లండన్‌లో బీర్ వరద' అని మీమ్స్ ఉంటాయి. నేనూ నవ్వాను. పూర్తిగా చదివాక నవ్వు రాలేదు.

బ్రూవరీల మధ్య ఎవరి పీపా పెద్దదనే పోటీ నడిచేది. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ మూలమీద మ్యూ అండ్ కంపెనీ వాళ్ల హార్స్ షూ బ్రూవరీ ఉంది. అక్కడ ఒక చెక్క పీపా ఎత్తు 22 అడుగులు, అంటే రెండంతస్తుల ఇల్లంత. దాంట్లో 3,555 బారెళ్ల పోర్టర్, మన లెక్కలో దాదాపు 5.8 లక్షల లీటర్లు. మన కాలనీకి వచ్చే 5,000 లీటర్ల వాటర్ ట్యాంకర్లు నూట పదహారు వరుసగా నిలబెట్టినట్టు. ఇదంతా ఆగి ఉన్నది చుట్టూ బిగించిన ఇనుప పట్టీల మీద.

1814 అక్టోబర్ 17, సోమవారం, సాయంత్రం నాలుగున్నర. స్టోర్ క్లర్క్ జార్జ్ క్రిక్ చూస్తే ఒక పట్టీ జారిపోయి ఉంది. దాదాపు 320 కిలోల బరువున్న పట్టీ. ఆయన పైవాళ్లకి చెప్పాడు. ఏం కాదన్నారు. ఎందుకంటే ఏడాదికి రెండు మూడు సార్లు అలా జారేది, ఎప్పుడూ ఏమీ కాలేదు. తర్వాత బాగుచేయించమని భాగస్వాముల్లో ఒకరికి చీటీ రాయమన్నారు. ఆయన రాశాడు. గంట తర్వాత, ఆ చీటీ చేతిలో పట్టుకుని పీపాకి ముప్ఫై అడుగుల దూరంలో నిలబడి ఉన్నప్పుడే అది పగిలింది.

నేను ప్రొడక్షన్ సపోర్ట్‌లో చేశాను. రాత్రి రెండింటికి అలర్ట్ వస్తుంది. "ఇది రోజూ వచ్చేదేలే, లో ప్రయారిటీ టికెట్ పెట్టు, పొద్దున చూద్దాం." ఆ మాట నేను అన్నాను, నా చేత అనిపించారు, నా జూనియర్‌తో నేనూ అనిపించాను. మా దగ్గర పోయేది ఓ గంట పేమెంట్లు. ఆ జార్జ్ క్రిక్ చేతిలో చీటీ గురించి చదివినప్పుడు ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

బ్రూవరీ వెనక గోడ పడిపోయింది. పక్క పీపాలు కూడా పగిలాయి. పదిహేను అడుగుల అల వెనక వీధి మీద పడింది. ఆ వెనక వీధి సెయింట్ జైల్స్ మురికివాడ, ఎక్కువగా ఐర్లాండ్ నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన పేదలు. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, కొందరైతే నేలమాళిగల్లో. ఒక నేలమాళిగలో ఆ రోజు రెండేళ్ల బాబు చనిపోతే శవం దగ్గర కూర్చుని ఉన్నారు. ఆ తల్లీ, ఆమెతోపాటు పలకరింపుకి వచ్చినవాళ్లూ అక్కడే మునిగిపోయారు. ఇంకో ఇంట్లో నాలుగేళ్ల పాప తల్లితో టీ తాగుతోంది. పక్కనే పబ్‌లో ఎలినార్ కూపర్ అనే పద్నాలుగేళ్ల పనిపిల్ల గిన్నెలు తోముతుంటే గోడ మీద పడింది. మొత్తం ఎనిమిది మంది. అందరూ ఆడవాళ్లు, పిల్లలే. బ్రూవరీలో పనిచేసేవాళ్లు ఒక్కరు కూడా చనిపోలేదు.

విచారణ జరిగింది. జ్యూరీ ఏం తేల్చిందంటే, ఇది ప్రమాదవశాత్తూ, దురదృష్టం వల్ల జరిగిన చావు. ఎవరి తప్పూ లేదు. తర్వాత కంపెనీ పార్లమెంట్‌కి వెళ్లి, పోయిన బీర్ మీద ముందే కట్టిన పన్ను వెనక్కి ఇమ్మని అడిగింది. సుమారు 7,250 పౌండ్లు తిరిగొచ్చాయి, కంపెనీ దివాలా తీయకుండా బయటపడింది. చనిపోయినవాళ్ల కుటుంబాలకి కంపెనీ నుంచి ఏమీ లేదు. జనం రోడ్ల మీద బీర్ తాగుతూ చిందులేశారని, తాగి చచ్చారని మీమ్స్‌లో ఉంటుంది చూడండి, అప్పటి పేపర్లలో అలాంటి మాటే లేదట. పేదవాళ్లు కదా, ఉచితంగా బీర్ పారితే తాగే ఉంటారులే అని తర్వాతివాళ్లు కలిపింది. ఇప్పుడు ఆ బ్రూవరీ స్థలంలో డొమినియన్ థియేటర్ ఉంది. నేను దాని ముందు బస్ కోసం చాలాసార్లు నిలబడ్డాను, తెలియకుండానే.

సరే. ఇండియాకి వద్దాం.

బ్లాక్‌వాల్ గుర్తుందా, ఓడలు ఆగే చోటు. దానికి కాస్త పైన, లీ నది ఒడ్డున, బో అనే చోట 1752 నుంచి జార్జ్ హాడ్జ్‌సన్ బ్రూవరీ నడిపేవాడు. ఈస్ట్ హామ్ నుంచి డిస్ట్రిక్ట్ లైన్‌లో సిటీకి వెళ్తే బో మీదుగానే వెళ్తాం. హాడ్జ్‌సన్ గొప్ప శాస్త్రవేత్త కాదు, పెద్ద బ్రూవర్ కూడా కాదు. ఆయన అదృష్టం లొకేషన్. ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడల కెప్టెన్లకి, ఆఫీసర్లకి సొంతంగా సరుకు తీసుకెళ్లి అమ్ముకునే హక్కు ఉండేది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఓడ నిండా సరుకు, వెళ్లేటప్పుడు మాత్రం ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీలో వాళ్లు హామ్, చీజ్, గాజు సామాను, టోపీలు, బీర్ తీసుకెళ్లి కలకత్తాలో, మద్రాసులో ఉన్న తెల్లోళ్లకి అమ్మేవాళ్లు. దగ్గర్లో ఉన్న బ్రూవరీ హాడ్జ్‌సన్‌ది. పైగా ఆయన ఏడాదిన్నర దాకా ఉద్దెర ఇచ్చేవాడు. మన కిరాణా సేఠ్ లాగా, "తీస్కపో, ఇండియా పోయి అమ్మినాక ఇయ్యి" అన్నట్టు. ఐపీఏ వెనకున్న అసలు ఆవిష్కరణ ఏదైనా ఉందంటే నా దృష్టిలో అది హాప్స్ కాదు, ఆ ఉద్దెర ఖాతా పుస్తకం.

మరి కొత్త బీర్ కనిపెట్టాడా? లేదు. మార్టిన్ కార్నెల్ అని బీర్ చరిత్ర మీద ఏళ్ల తరబడి పాత పేపర్లు, లెక్కల పుస్తకాలు తవ్విన ఒక ఇంగ్లీష్ జర్నలిస్ట్. ఆయన చూపించింది ఏంటంటే, హాడ్జ్‌సన్ కంటే ముందు నుంచే ఇండియాకి రకరకాల బీర్లు వెళ్తున్నాయి, బాగానే చేరుతున్నాయి. వేడి దేశాలకి పంపేటప్పుడు హాప్స్ కొంచెం ఎక్కువ వేయాలన్నది 1760లకే బ్రూవర్లందరికీ తెలుసు. హాప్స్ అంటే ఒక తీగకి పూసే పువ్వులు, చేదు వాటిదే, బీర్ పులిసిపోకుండా కాపాడేదీ అవే. ఇంగ్లాండ్‌లో జమీందార్లు అక్టోబర్ నెలలో కాచి, ఒకట్రెండేళ్లు మాగబెట్టి తాగే చేదు బీర్ ఒకటి ముందే ఉంది. హాడ్జ్‌సన్ ఓడ ఎక్కించింది దాదాపు అలాంటిదాన్నే. ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి, భూమధ్యరేఖని రెండుసార్లు దాటి, నాలుగు నుంచి ఆరు నెలలకి ఇండియా చేరేది. ఆ వేడికి, ఊగుడికి, రెండేళ్లలో మాగాల్సిన బీర్ నెలల్లోనే మాగిపోయింది. ఆవకాయ జాడీ ఎండలో పెట్టినట్టు. నేను ఆ వీడియోలో చెప్పిందానికి ఇది పూర్తిగా రివర్స్. ప్రయాణం వల్ల పాడైతే విరుగుడు కనిపెట్టడం కాదు, ప్రయాణమే దాన్ని బాగుచేసింది.

1820ల మొదట్లో హాడ్జ్‌సన్ వారసులకి ఆశ ఎక్కువైంది. కెప్టెన్లెందుకు, మనమే ఎగుమతి చేసుకుందాం, ఉద్దెర బంద్, ధర పెంచుదాం అన్నారు. మధ్యలో ఉన్నవాళ్లందరికీ ఒళ్లు మండింది. ఈస్ట్ ఇండియా కంపెనీ డైరెక్టర్ క్యాంప్‌బెల్ మార్జొరీబ్యాంక్స్, బర్టన్ అనే ఊళ్లోని శామ్యూల్ ఆల్సాప్ అనే బ్రూవర్‌ని భోజనానికి పిలిచి, ఇలాంటి బీర్ నువ్వు చేయగలవా అన్నాడు. అప్పటికే రష్యా పన్నులు పెంచడంతో బర్టన్ వాళ్ల వ్యాపారం పడిపోయి ఉంది, వాళ్లకి కొత్త మార్కెట్ కావాలి. ఆల్సాప్ దగ్గర పనిచేసే జాబ్ గుడ్‌హెడ్ మొదటి శాంపిల్‌ని టీ కెటిల్‌లో కాచాడని చెప్పుకుంటారు, దాన్ని కూడా కథ అనే అనుకుందాం, ఒకసారి దెబ్బతిన్నాను కదా. నిజమైన సంగతి నీళ్లు. బర్టన్ బావి నీళ్లలో జిప్సమ్ ఎక్కువ, దానివల్ల చేదు శుభ్రంగా, పొడిగా వస్తుంది. ఊరి నీళ్లని బట్టి బిర్యానీ, ఛాయ్ రుచి మారుతుందని మనవాళ్లు అంటారు చూడండి, అదే. కొన్నేళ్లలో బర్టన్ గెలిచింది, లండన్ వెనకబడింది. ఆల్సాప్ వెనకాలే వచ్చిన బాస్ అనే కంపెనీ ఎర్ర త్రికోణం గుర్తు 1876లో బ్రిటన్‌లో రిజిస్టర్ అయిన మొట్టమొదటి ట్రేడ్‌మార్క్.

పేరు సంగతి ఇంకా తమాషా. హాడ్జ్‌సన్ దాన్ని ఎప్పుడూ ఇండియా పేల్ ఏల్ అనలేదు. 'ఈస్ట్ ఇండియా పేల్ ఏల్' అనే మాట దొరికిన తొలి ప్రకటనల్లో ఒకటి 1829 నాటి సిడ్నీ పేపర్‌లో ఉంది. ఇండియాలో ఉన్నవాళ్లకి అది బీర్, అంతే. బయటివాళ్లకే 'ఇండియా బీర్'. మనం ఇంట్లో బిర్యానీని 'హైదరాబాదీ బిర్యానీ' అనుకుంటామా?

మరి ఇండియాలో దాన్ని తాగిందెవరు? కంపెనీ ఆఫీసర్లు, వ్యాపారులు, వాళ్ల కుటుంబాలు. మనవాళ్లు అందులో ఎక్కడున్నారంటే, చల్లబరిచే దగ్గర. ఆబ్దార్ అనే ఒక నౌకరు ఉండేవాడు. ఐస్ లేని రోజుల్లో నీళ్లలో సురేకారం కలిపితే నీళ్లు చల్లబడతాయి, అందులో సీసాని అటూ ఇటూ తిప్పుతూ కూర్చోవడమే ఆయన పని. 1833లో అమెరికా నుంచి గడ్డకట్టిన చెరువు ఐస్ ఓడలో కలకత్తాకి దిగింది. మద్రాసులో దాన్ని దాచడానికి 1842లో ఐస్ హౌస్ కట్టారు. మెరీనా బీచ్ ఎదురుగా ఇప్పుడున్న వివేకానందర్ ఇల్లం అదే బిల్డింగ్. చెన్నై వెళ్లినప్పుడు చూడండి. ఐస్ వచ్చాక ఆబ్దార్ల పని ఏమైందో ఎవరూ పెద్దగా రాసిపెట్టలేదు.

ఇప్పుడు ఆ గోధుమరంగు లేబుల్‌కి జవాబు. ఆఫీసర్లు పేల్ ఏల్ తాగారు, సరే. మామూలు తెల్ల సిపాయిలు? వాళ్లకి కంపెనీ టెండర్ పిలిచి కొని పంపింది పోర్టర్. లండన్ హమాలీల నల్ల బీర్. కంటోన్మెంట్లలో పీపాలకి పీపాలు దిగింది అదే. ఉత్తరాలు, ప్రకటనలు రాసింది ఆఫీసర్లు కాబట్టి పేరు పేల్ ఏల్‌కి మిగిలింది. సిపాయిల బీర్‌ని అందరూ మర్చిపోయారు. ఆ శనివారం నా చేతిలో ఉన్న 'ఎక్స్‌పోర్ట్ ఇండియా పోర్టర్' ఆ మర్చిపోయిన దానికి జ్ఞాపకం అన్నమాట.

తర్వాత బ్రిటిష్ వాళ్లు ఇక్కడే కాచుకోవడం మొదలుపెట్టారు. 1850లలో ఎడ్వర్డ్ డయ్యర్ అనే ఆయన హిమాలయాల్లో కసౌలిలో బ్రూవరీ పెట్టాడు. చల్లటి ఊరు, మంచి నీళ్లు, చుట్టూ సైన్యం. ఆ కంపెనీయే చేతులు మారి మోహన్ మీకిన్ అయింది, ఓల్డ్ మంక్ వాళ్లదే. డయ్యర్ అనే పేరు ఎక్కడో విన్నట్టుందా? ఆయన కొడుకే రెజినాల్డ్ డయ్యర్. 1919 ఏప్రిల్ 13, జలియన్‌వాలా బాగ్.

లండన్‌లో ఆ తర్వాత వందేళ్లు గబగబా చెప్పేస్తాను. కంపెనీలు ఒకదాన్నొకటి మింగాయి. 1960ల నాటికి ఆరు పెద్ద కంపెనీల చేతిలోకి దేశం మొత్తం వెళ్లింది, అందరిదీ ఒకే రకం గ్యాస్ నింపిన బీర్. కోపం వచ్చి నలుగురు కుర్రాళ్లు 1971లో కామ్రా అనే సంఘం పెట్టారు, మంచి బీర్ కోసం వినియోగదారుల ఉద్యమం. అయినా లండన్‌లో మూతలు ఆగలేదు. విట్‌బ్రెడ్ చిస్‌వెల్ స్ట్రీట్‌లో బీర్ కాచడం 1976లో ఆపేసింది. బ్రిక్ లేన్‌లో ట్రూమన్ 1989లో మూతపడింది, ఇప్పుడు అక్కడ బట్టల మార్కెట్, చుట్టూ బంగ్లాదేశీ హోటళ్లు. 2006లో వాండ్స్‌వర్త్‌లో యంగ్స్ బ్రూవరీ కూడా పోయాక, ఒకప్పుడు ప్రపంచానికి బీర్ పంపిన ఊళ్లో బ్రూవరీలని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తిరిగి లేవడానికి మొదటి కారణం రొమాంటిక్‌గా ఉండదు: పన్ను. 2002లో ఆర్థికమంత్రి గోర్డన్ బ్రౌన్ చిన్న బ్రూవరీలకి పన్ను సగం చేశాడు. అప్పట్లో ఏడాదికి 5,000 హెక్టోలీటర్ల లోపు చేస్తే సరిపోయేది. అప్పటినుంచి చిన్నోడికి లెక్క కుదిరింది. 2009లో ఎవిన్ ఓ'రియోర్డెయిన్ అనే ఐరిష్ ఆయన కెర్నల్ మొదలుపెట్టాడు. ఆయన అసలు చీజ్ షాపులో పనిచేసేవాడు. ఆ పని మీద న్యూయార్క్ వెళ్తే, అక్కడి జనం బీర్ గురించి చీజ్ గురించి మాట్లాడినంత శ్రద్ధగా మాట్లాడుకోవడం చూశాడు. వెనక్కొచ్చి ఇంట్లో కాచి చూసుకుని, తర్వాత రైల్వే కమాను అద్దెకి తీసుకున్నాడు. అద్దె తక్కువ, లోపల చల్లగా ఉంటుంది, పక్కింటోళ్ల గొడవ లేదు. ఆయన్ని చూసి ఇంకొకరు, వాళ్లని చూసి ఇంకొకరు. బీర్ మైల్ అయింది.

అద్దె తక్కువ అన్నాను కదా, ఆ మాట ఇప్పుడు చెల్లదు. రైల్వే సంస్థ ఆ కమానుల్ని 1.46 బిలియన్ పౌండ్లకి అమ్మేసింది. 2018లో డీల్, 2019లో పూర్తయింది. కొన్నవాళ్లలో బ్లాక్‌స్టోన్ ఒకటి. మన హైటెక్ సిటీలో ఆఫీస్ బిల్డింగుల మీద కూడా వినే పేరే. కమానుల్లో పనిచేసే మెకానిక్‌లు, బేకరీలు, బ్రూవరీలు అద్దెల మీద పోరాటం మొదలుపెట్టారు. ఇంకోపక్క బాగా పెరిగిన చిన్న బ్రూవరీల్ని పెద్ద కంపెనీలు కొనేశాయి. క్యామ్‌డెన్ టౌన్‌ని 2015లో ఏబీ ఇన్‌బెవ్, బీవర్‌టౌన్‌ని హైనెకెన్. 1845 నుంచి ఉన్న ఫుల్లర్స్ బ్రూవరీని 2019లో జపాన్ ఆసాహీ. ఇది చూస్తుంటే స్టార్టప్‌ల కథలా లేదూ?

మొన్న వీకెండ్ ఆ ఫ్రెండ్‌ని అదే బ్రూవరీకి తీసుకెళ్లి ఇదంతా చెప్పాను. వాడు మొత్తం విని, "అంటే మామా, ఇండియా పేరు పెట్టుకున్న బీర్ ఇండియాలో పుట్టలే, ఇండియా వాళ్లు తాగలే, పేరు కూడా ఇండియాలో పెట్టలే?" అన్నాడు. అవును రా అన్నాను. నల్లబోర్డు వైపు చూసి, "దీనికి నాలుగొందల యాభై ఎందుకు మరి?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

పాత క్లిప్ డిలీట్ చేయలేదు. దాని మీద 'ఇందులో చెప్పింది తప్పు' అని రాసి, ఈ ఎపిసోడ్ లింక్ పిన్ చేశాను. ఆ కామెంట్ పెట్టినవాళ్లకి థ్యాంక్స్. బాబాయ్, నువ్వు ఫార్వర్డ్ చేసిన గ్రూప్‌లో ఇది కూడా వెయ్యి.